పనిమనిషి మాటలు

పోయినేడు ఎండకాలంల హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేసిండు. టీవీ సీరియళ్లు తీసే కంపెనీ అన్నడు. ఫేస్‌బుక్‌ల నేను రాసుకునే ముచ్చట్లు చదివిండట.

"మీ యాస చాలా బాగుంటుంది మేడమ్. మా సీరియల్‌కి డైలాగులు రాస్తారా? ఉద్యోగం కాదు, ఎపిసోడ్ లెక్కన కాంట్రాక్ట్."

నేను కోరుట్లల ఒక ప్రైవేట్ బడిల తెలుగు చెప్త. జగిత్యాల నుంచి రోజూ బస్సుల పోయి వస్త. రాసే పనికి ఎవలన్న పిలుస్తరని ఎన్నేండ్లు చూసిన్నో నాకే తెలుసు. బస్టాండ్ల నా బస్సు వచ్చినా ఎక్కకుంట నిలవడి విన్న.

"ఎవరికి రాయాలె సార్?"

"పనిమనిషికి. తర్వాత ఒక దొంగ వస్తాడు, వాడికి కూడా."

"మరి మిగిలినోళ్లకు?"

"వాళ్లకి మా రైటర్ ఉన్నారు. హీరోయిన్‌ది మంచి తెలుగు కదా మేడమ్."

ఆ మాట నాకు కొత్త కాదు. చిన్నప్పుడు సిరిసిల్ల బడిల "మా నాయిన వచ్చిండు" అని రాస్తే సార్ నన్ను బెంచీ మీద నిలవెట్టిండు. పెద్దయినంక నేను చేసింది గూడ గదే. పిల్లల నోటుబుక్కుల "వచ్చిండు" కనవడితే ఎర్ర పెన్నుతోని కొట్టేసి "వచ్చాడు" అని రాసిన.

కాంట్రాక్ట్ కాయిదాలు మెయిల్‌ల వచ్చినయి. టైటిల్స్‌ల నా పేరుండది. రాసింది వాళ్లు ఎట్ల మార్చుకున్నా అడగొద్దు. సీరియల్ అయిపోయేదాక నడిమిట్ల ఇడిచిపెట్టొద్దు. ఆదివారం దాక టైమిచ్చిండు.

ఆదివారం వేములవాడ మీదికెళ్లి సిరిసిల్ల పోయిన. అమ్మ వాకిట్ల కూసొని బీడీలు చేస్తున్నది. సంగతి చెప్పిన.

"పనిమనిషి అయితే ఏమాయె? ఆమె మాట్లాడదా?" అన్నది.

"నవ్వెటందుకే మాట్లాడిస్తరే అమ్మా."

"నవ్వనియ్యి బిడ్డ. నీ రాత టీవీల వస్తదాయె."

అక్కడినుంచే ఆయనకు ఫోన్ చేసిన. "పనిమనిషిని దొంగను చెయ్యకుండ్రి సార్" అన్న. "చూద్దాం మేడమ్" అన్నడు. జీతం పెంచుమంటే మా బడి పెద్దసారు గూడ గట్లనే అంటడు. తెలిసి తెలిసి సంతకం వెట్టిన.

మాటలన్నీ అమ్మయే. ఆమె తిట్లు, ఆమె బతిమాలుడు. పనిమనిషి పెనిమిటి సచ్చిపోయే సీన్ ఉంటదంటే, నాయిన పోయిననాడు అమ్మ ఏడ్సిన మాటలు ఉన్నదున్నట్టు రాసిచ్చిన.

సీరియల్ మొదలైన మూడో వారం సిరిసిల్లల అమ్మ పక్కన కూసొని చూస్తున్న. పనిమనిషి చక్కెర డబ్బల చెయ్యి వెట్టి దొరికింది. ఆ దొంగతనం నేను రాయలే. దొరికినంక హీరోయిన్ కాళ్లు వట్టుకొని ఏడ్సింది. గా ఏడుపు మాత్రం నేను రాసిచ్చిందే. నాయిన కోసం ఏడ్సిన మాటలు, చక్కెర కోసం. వెనుక నవ్వుల మ్యూజిక్.

నేను అమ్మ దిక్కు చూడలేకపోయిన. ఆమె లేసి నీళ్లు తాగి వచ్చింది. ఆ తెల్లారి సంది సీరియల్ టైముకు టీవీ పెట్టుడు బంద్ చేసింది. నేను మాత్రం రాసుడు బంద్ చెయ్యలే. కాంట్రాక్ట్ ఉండెనాయె.

కొన్నాళ్లకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైతే అమ్మను దవాఖానకు తీస్కపోయిన. డాక్టర్ చిన్న పిల్ల, మా దిక్కు మనిషే.

"ఎప్పటిసంది గుంజుతున్నయమ్మా?" అని అడిగింది.

అమ్మ కొంగు సర్దుకున్నది. ఒక్కొక్క మాట వెతుక్కుంట, "నెల రోజుల నుండి నొప్పిగా ఉందండి" అన్నది.