తీరకముందే పంచిన గుడాలు

సుమలత గొంతుకు భయపడని వాళ్లు తొర్రూరు నుంచి జనగామ దాకా వెతికినా ఇద్దరే దొరుకుతారు. ఒకరు ఆమె బస్సు నడిపే ప్రేమ్‌సింగ్. ఇంజన్ మోతకు అలవాటుపడ్డ ఆ చెవులకు ఏ గొంతైనా ఒకటే. రెండో మనిషి ఆమె అత్త గట్టమ్మ. గట్టమ్మ నోరు తెరిస్తే సుమలతదే చిన్న గొంతు.

రేగొండలో పుట్టి, తొర్రూరు పక్క పల్లెకు కోడలిగా వచ్చి, పరీక్ష రాసి కండక్టరైంది సుమలత. చిల్లర దగ్గర ఎవరినీ వదలదు, తన దగ్గర ఎవరి చిల్లరా ఉంచుకోదు. ఒకసారి రెండు రూపాయలు మరిచిపోయి దిగిన ముసలాయన కోసం బస్సు ఆపించి, ఆయన వెనక చెరువు కట్ట దాకా ఉరికింది. ఎండలో నలభై మంది ఉడికిపోయారు, అయినా నోరెత్తలేదు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక కండక్టర్ల పని తగ్గుతుందని అందరూ అనుకున్నారు. సుమలతకు మాత్రం పెరిగింది. ప్రతి ఆధార్ కార్డునూ అటూ ఇటూ తిప్పి చూసేది.

"గీ ఫొటోల నువ్వే ఉన్నవా, మీ చెల్లె ఉన్నదా?" అనేది. అడిగించుకున్నవాళ్లు కూడా నవ్వేవాళ్లు.

ఊరందరి కార్డులూ అంత శ్రద్ధగా చూసిన మనిషి తన కార్డును మాత్రం సరిగ్గా చూసుకోలేదు. చెప్పొచ్చేది అదే.

గట్టమ్మది మహిళా సంఘం. పాతికేళ్ల నుంచి ఒక్క మీటింగు తప్పలేదు. ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి అప్పు ఒడిసిపోతే వాళ్లు ఆ నెల బొబ్బెర గుడాలు, అంటే అలసంద గుగ్గిళ్లు, ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి తాలింపు పెట్టి అందరికీ పంచాలి. అప్పు తీరిన గుడాల రుచి పెళ్లి భోజనానికి కూడా రాదంటుంది గట్టమ్మ. అక్కడ మిత్తి నూటికి రూపాయి. నెలకు ఇంత కిస్తు అని చెబుతారు. చెప్పినంత చెప్పిన రోజుకు కడితే అసలూ మిత్తీ రెండూ కరిగిపోతాయి. ఇంకో మాట అడిగే పని లేదు. ఆ ఇంట్లో దేవుడి తర్వాత కిస్తే. సంఘం బయట ఎవరూ అప్పు చేయకూడదన్నది గట్టమ్మ చట్టం.

అలాంటి ఇంట్లోకి క్రెడిట్ కార్డు దొంగచాటుగా దూరింది. జీతం ఖాతా ఉంది కాబట్టి మీకు కార్డు ఉచితం మేడమ్ అని ఫోన్లో ఎవరో అమ్మాయి తియ్యగా చెప్పింది. ఉచితమంటే ఎవరికి చేదు? కార్డు వచ్చిన నెలలోనే సుమలత జనగామలో ఫ్రిజ్, బట్టలుతికే మిషన్ కొన్నది. రెండూ కలిపి అరవై వేలు. ఇంట్లో డీఏ బకాయిలు వచ్చాయని చెప్పింది. కోడలు అబద్ధం చెప్పగా గట్టమ్మ ఎన్నడూ చూడలేదు కాబట్టి నమ్మింది. తర్వాత సుమలతకు భయమేసి కార్డును బియ్యం డ్రమ్ములో అడుగున పెట్టింది. మళ్లీ ఒక్క పైసా వాడలేదు.

నెలనెలా ఫోన్‌కు బిల్లు వచ్చేది. దాంట్లో పెద్దంకె ఒకటి, చిన్నంకె ఒకటి. పెద్దంకె కార్డు మీద ఎంతదాకా వాడుకోవచ్చో చెప్పేదని ఆమె అనుకుంది. చిన్నంకె మూడు వేలు. దాని పక్కనే కట్టండి అని పచ్చటి మీట కూడా ఉండేది. ఇదే కిస్తు అనుకుంది. సంఘం కోడలికి వేరే ఆలోచన ఎట్లా వస్తుంది? జీతం పడ్డ రోజే మీట నొక్కేది. నెల తిరిగేసరికి ఆ చిన్నంకె పాతికో ముప్పయ్యో తగ్గి కనబడేది. అప్పు కరుగుతున్నదని మురిసిపోయేది. రెండేళ్లు గడిచేసరికి కట్టింది అరవై అయిదు వేలయింది. అసలు అరవై, మిత్తి అయిదు, లెక్క సరిపోయిందని తనకు తానే తీర్మానం చేసుకుంది.

ఆ శనివారం తెల్లారకముందే లేచి కుంచెడు బొబ్బెర్లు ఉడకబెట్టింది. తాలింపు వాసనకు గట్టమ్మ లేచి వచ్చింది.

"ఎవరి అప్పు ఒడిసింది పిల్లా?"

ఇక దాచే పనేముంది? అప్పు తీరిపోయిందన్న ధైర్యంతో సుమలత మొత్తం చెప్పేసింది. గట్టమ్మ తిట్టలేదు. నాలుగు గుడాలు నోట్లో వేసుకొని నమిలింది.

"ఒడిసిందని వాళ్లు చెప్పిండ్రా, నువ్వే అనుకున్నవా?"

"వాళ్లు చెప్పుడేంది అత్తమ్మా? నేను లెక్క చేసిన గదా."

"చేస్తివి గని, అడిగితే నీ సొమ్మేం పోతది? ఒకపారి అడుగు," అని గట్టమ్మ పక్కబట్టలు మడవడానికి పోయింది.

ఆ మాట సుమలత ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసింది. బస్సులో స్టీలు గిన్నె చంకన పెట్టుకొని, ఒక చేత్తో టికెట్లు, ఇంకో చేత్తో గుడాలు పంచింది. ఏం పండుగని అడిగినవాళ్లకల్లా కార్డు కథ చెప్పింది. ఫ్రిజ్ వచ్చింది, మిషన్ వచ్చింది, చెయ్యి చాపి ఎవరినీ అడగలేదు, నెలనెలా కట్టుకుంటే ఇంత సులువని చెప్పింది. సంతోషం పొంగినప్పుడు మనిషికి ఉపన్యాసం కూడా వస్తుంది.

పాలకుర్తిలో శాంతి ఎక్కింది. జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో పని చేస్తుంది. ఇంట్లో ఐదుగురి బట్టలు చేత్తో ఉతికీ ఉతికీ మణికట్లు వాచి ఉంటాయి. రోజూ ఎక్కే మనిషే కాబట్టి సుమలత ఆమెకు రెండు గుప్పిళ్లు పెట్టింది.

"నాకు గూడ కార్డు ఇస్తమని ఎంటపడుతుండ్రు సుమక్కా. ఇన్నొద్దులు భయపడ్డ," అంది శాంతి. "నువ్వు తీర్చినవంటే నాకు ధైర్యం వచ్చింది. రేపు ఆయితారం, దుకాణం కాడ సంతకం పెట్టి మిషన్ తెచ్చుకుంట."

"తెచ్చుకో చెల్లె. కిస్తు మాత్రం తప్పకు," అంది సుమలత. వెనక సీట్లోంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా ఆ కార్డు ఎట్లా వస్తుందని అడిగారు. వాళ్లకూ చెప్పింది.

జనగామ బస్టాండులో బస్సు గంటసేపు ఆగుతుంది. ప్రేమ్‌సింగ్ చాయ్‌కి పోయాడు. ఖాళీ సీట్లో కూర్చున్న సుమలతకు అత్త మాట గుర్తొచ్చింది. రాత్రి ఆమె నోరు మూయించడానికైనా పనికొస్తుందని కార్డువాళ్లకు ఫోన్ చేసింది.

"మేడమ్, మీకు ఇంకా నలభై ఎనిమిది వేల ఏడు వందలు బాకీ ఉంది," అంది అవతలి అమ్మాయి.

"వేరేటోళ్లది చూస్తున్నట్టున్నవమ్మా. సుమలత అని కొట్టు."

"సుమలత గారిదే మేడమ్."

"అరువై అయిదు వేలు కట్టిన! ఒక్క నెల తప్పలె!"

"అవును మేడమ్. మీరు మాకు చాలా మంచి కస్టమర్. మినిమమ్ డ్యూ ప్రతి నెలా టైముకి కట్టారు."

"మరి కిస్తులు ఒడిసినట్టే గదా?"

"అది కిస్తు కాదు మేడమ్. లేటు ఫీజు పడకుండా కట్టాల్సిన కనీస మొత్తం. బిల్లులో పైనున్న పెద్ద అంకె మీ మొత్తం బాకీ. మిగతా బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మీరు కట్టినదాంట్లో ఎక్కువ భాగం ఆ వడ్డీకీ, దాని మీద పన్నుకీ పోయింది. అసలుకు పోయింది కొంచెమే."

"ఎంత వడ్డీ?"

"నెలకు మూడున్నర శాతం మేడమ్."

శాతమన్న మాట ఆమెకు టీవీ వార్తల్లో మాట. అది నూటికి మూడున్నర రూపాయల మిత్తి అని మనసులో తిప్పుకుంది. వాళ్ల ఊళ్లో మూడు రూపాయల మిత్తికి ఇచ్చే ఆసామి ఒకడున్నాడు. గట్టమ్మ ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టదు. ఆయన కంటే అర్ధ రూపాయి పైన, అదీ రెండేళ్లు, అదీ తను నవ్వుకుంటూ కట్టింది.

"ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?"

"చేసిన సాయం సాలు బిడ్డా," అని ఫోన్ పెట్టేసింది.

మొదట ఏడుపొచ్చింది. తర్వాత ఖాళీ స్టీలు గిన్నె కనబడి సిగ్గొచ్చింది. పొద్దున తిన్నవాళ్లంతా సాయంత్రం ఇదే బస్సులో తిరిగి ఎక్కుతారు. ఏమీ అననట్టు టికెట్లు కొట్టుకుంటూ పోతే ఎవరికి తెలుస్తుంది? బాకీ మెల్లగా తీర్చుకోవచ్చు, పరువు నిలుస్తుంది. శాంతి మాత్రం రేపు సంతకం పెడుతుంది. వాచిన మణికట్లతో నెలనెలా మీట నొక్కుతుంది. సుమక్క తీర్చింది కదా, నేనూ తీరుస్తానని నొక్కుతుంది. సుమలత గిన్నెను సంచిలో పెట్టేసింది.

సాయంత్రం బస్సు నిండింది. శాంతిని పక్కకు పిలిచి చెవిలో చెబుదామనుకుంది సుమలత. పన్నెండేళ్లు "ముందుకు జరగండి" అని అరిచిన గొంతు అది, గుసగుస ఎట్లా వస్తుంది? పైగా పొద్దున అడిగిన మిగతా ఇద్దరూ వెనకనే ఉన్నారు. ఊరు దాటాక డ్రైవర్ సీటు వెనక కడ్డీ పట్టుకొని నిలబడింది.

"జర అందరు ఇటు ఇనుండ్రి! పొద్దున నేను పంచిన గుడాలు అబద్ధం గుడాలు. నా అప్పు తీరలె."

బస్సంతా ఒక్కసారి ఆమె వైపు తిరిగింది.

"అరువై వేలకు అరువై అయిదు కట్టిన. ఇంకా నలభై ఎనిమిది ఉన్నది. నేను కట్టింది కిస్తు కాదట, ఎక్కువ మిత్తేనట. నూటికి మూడున్నర! నాకు తెల్వక మీకు చెప్పిన. శాంతీ, నువ్వు రేపు పోకు. మిగిలినోళ్లు గూడ పోకుండ్రి. తీసుకునేటోళ్లు తీసుకోండ్రి గని, బిల్లుల కింద మినిమం అనే చిన్నంకె కట్టి ఊకోకుండ్రి. పైన పెద్దంకె మొత్తం ఆ నెలనే కట్టగలిగితేనే ముట్టుకోండ్రి."

చెప్పేసి ముఖం తిప్పుకుంది. చివరి సీట్లోంచి ఒక తాత గొంతు లేచింది.

"గుడాలు అరిగిపాయె బిడ్డా. ఇప్పుడు తిరిగి ఎట్ల ఇయ్యాలె?"

బస్సు ఘొల్లుమంది. ప్రేమ్‌సింగ్ కూడా నవ్వాడంటే ఆ చెవులకు అన్నీ వినబడతాయన్నమాట. ఏడుస్తూనే సుమలతకూ నవ్వొచ్చింది. శాంతి మాత్రం నవ్వలేదు. పాలకుర్తిలో దిగేటప్పుడు సుమలత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రేపు పోను అక్కా," అని దిగిపోయింది.

బస్సు కన్నా మాట ముందే ఇల్లు చేరింది. సుమలత వచ్చేసరికి గట్టమ్మ ఫ్రిజ్ ఎదురుగా పీట వేసుకొని కూర్చుంది.

"డీఏ బకాయి గిదేనా?"

సుమలత గోడకు ఆనుకొని బావురుమంది.

"ఊకో, ఊకో. ఏడుపుకు గూడ మిత్తి ఏస్తరేమో," అంది గట్టమ్మ. కోడలి కళ్లు తన కొంగుతో తుడిచింది. "కడుతనే ఉన్నవ్ గదా, కట్టుడు తప్పు గాదు. ఏం కడుతున్నవో అడుగకపోవుడు తప్పు. ఎల్లుండి మీటింగుకు రా. ఆడ పదిమంది ముందర చెప్పి అప్పు అడుగు."

"బస్సుల నలభై మంది ముందర చెప్పిన గదా అత్తమ్మా!"

"సంఘంల చెప్పలె గదా."

చెప్పింది. సంఘం ఆడవాళ్లు ముక్కు మీద వేలేసుకొని, నాలుగు మాటలని, చివరికి నూటికి రూపాయి మిత్తి మీద యాభై వేలు ఇచ్చారు. సుమలత కార్డు బాకీ ఒక్క దెబ్బలో కట్టేసింది. మళ్లీ ఫోన్ చేసి, బాకీ సున్నా అని, కార్డు మూసేశామని అవతలి అమ్మాయి నోటితో రెండుసార్లు చెప్పించుకున్నాకే పెట్టేసింది. బియ్యం డ్రమ్ములోంచి కార్డు తీసి గట్టమ్మే కత్తిరించింది. ఇప్పుడు కట్టే కిస్తు పాతదానికంటే కొంచెం ఎక్కువే. అయితే ఇది నిజంగానే కరుగుతున్నది.

బస్సువాళ్లు ఊరికే వదిలారా? ఎవరు చిల్లర తక్కువిచ్చినా "ఇది మినిమం అక్కా, మిగిలింది తర్వాత ఇస్తం" అనేవాళ్లు. ఆమె కూడా గొంతు తగ్గించలేదు. "నూటికి మూడున్నర ఏస్త!" అని అరిచేది.

దాదాపు ఏడాది తర్వాత ఒక పొద్దున శాంతి పాలకుర్తిలో మూతపెట్టిన గిన్నెతో ఎక్కింది. మూత తీస్తే బొబ్బెర గుడాలు, ఉల్లిగడ్డ తాలింపు. సుమలత ముఖం పాలిపోయింది.

"ఏ అప్పు తీరిందే? నువ్వు కార్డు తీసుకోలేదంటివి గదా?"

"తీసుకోలె అక్కా. నెలనెలా చిట్టీ కట్టిన. పోయిన నెల చిట్టీ ఎత్తుకొని పైసలిచ్చి మిషన్ తెచ్చుకున్న." శాంతి ఒక గుప్పెడు తీసి సుమలత అరచేతిలో పోసింది. ఆ మణికట్టుకు ఇప్పుడు వాపు లేదు. "అప్పు తీరితేనే పంచాల్నా? చెయ్యనందుకు గూడ పంచొచ్చు అనుకున్న. మొదటి పిడికెడు నీదే."

సుమలత గుడాలన్నీ ఒకేసారి నోట్లో వేసుకొని కిటికీ వైపు తిరిగింది. పాలకుర్తి వాళ్లంతా ఎక్కేశారు. బస్సు ఇంకా అక్కడే ఆగి ఉంది.

"చెల్లె, రైట్ చెప్తవా, దిగి నేను గూడ తిననా?" అన్నాడు ప్రేమ్‌సింగ్ అద్దంలోంచి చూస్తూ.

"రైట్, రైట్," అంది సుమలత నిండు నోటితో.