హెల్మెట్ నిండా టమాటాలు

ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ వంటగదిలో పొయ్యి కింది అరలోంచి ప్లాస్టిక్ కవర్లన్నీ బయటికి లాగింది. కవర్లో కవరు, ఆ కవర్లో ఇంకో కవరు. ఎన్నేళ్లుగా దాచామో గానీ లాగిన కొద్దీ వస్తూనే ఉన్నాయి. ముందు రోజే సంతోష్‌నగర్‌లో మా గల్లీలో మోరీ పొంగి, నల్లటి నీళ్లు గుమ్మం దాకా వచ్చాయి. మోరీ తీసేవాళ్లు కర్ర పెట్టి పొడిస్తే లోపలినుంచి వచ్చినవన్నీ ఇవే. అందులో ఒక కవరు మేము పండక్కి బట్టలు కొన్న దుకాణానిది. అది చూసి ఆమెకు తల తీసేసినట్టయింది.

"ఇగ ఈ ఇంట్లకు ఒక్క కవర్ రావొద్దు. వింటున్నరా?"

"వింటున్న" అన్నాను, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

సాయంత్రానికల్లా నా పాత ఆఫీసు ప్యాంటు సంచి అయిపోయింది. కాళ్లు కత్తిరించి, అడుగు కుట్టేసి, ఆ కాళ్ల గుడ్డతోనే పట్టీలు పెట్టింది. జేబులు పనికొస్తాయని అలాగే ఉంచింది. జిప్పు కూడా ఉంచింది. అది ఎందుకో అడిగితే, "విప్పితే గుడ్డ పాడైతది" అంది.

ఆ సంచి పట్టుకుని మార్కెట్‌కు వెళితే కూరగాయల వాళ్లు ముందు జిప్పు వైపు, ఆ తర్వాత నా నడుము వైపు చూసేవాళ్లు. "ఏందన్నా, ఇంకో ప్యాంటు ఉన్నదా లేదా?" అని ఒకామె అడగనే అడిగింది. సిగ్గు రెండు వారాల్లో పోయింది. మతిమరుపు మాత్రం పోలేదు. బెండకాయలు తూకం వేయించాక సంచి ఇంట్లో దండెం మీద ఆరుతోందని గుర్తొచ్చేది. ఖాళీ చేతులతో తిరిగి వెళ్లి, సంచి తీసుకుని మళ్లీ వచ్చేవాణ్ని.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దగ్గర తోపుడు బండి మీద టమాటాలు కనబడ్డాయి. ఎర్రగా, గట్టిగా మస్తుగా ఉన్నాయి. రెండు కిలోలు తూయించాను. ఎప్పటిలాగే సంచి లేదు. బండి అతను కవరు నోరు తెరిచి పట్టుకున్నాడు. వద్దన్నాను.

"మరి ఏంట్ల ఎయ్యాలె?"

నాది డిక్కీ లేని పాత మోటార్ సైకిల్. అటూ ఇటూ చూసి, తల మీది హెల్మెట్ తీసి తిరగేసి పట్టుకున్నాను. రెండు కిలోలూ అందులో సరిగ్గా పట్టాయి. హెల్మెట్ పట్టీని హ్యాండిల్‌కు తగిలించి, నా తెలివికి నేనే మురిసిపోతూ బండి కదిలించాను.

కూడలి దాటకముందే ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"హెల్మెట్ ఉన్నది గదా, ఎందుకు పెట్టుకోలే?"

"ఖాళీ లేదు సార్."

అతను వంగి లోపలికి చూశాడు. తర్వాత పక్కనున్న ఇంకో కానిస్టేబుల్‌ను పిలిచి చూపించాడు. ఇద్దరూ మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

"టమాటలు పగుల్తయని ఫికర్ ఉన్నది గానీ తలకాయ పగుల్తదని లేదా? కవర్ల ఏస్కో, హెల్మెట్ పెట్టుకొని పో." తన టిఫిన్ డబ్బా చుట్టిన కవరు విప్పి నా చేతికివ్వబోయాడు.

"కవర్ ఒక్కటి వద్దు సార్. ఇంట్ల లొల్లైతది."

"నాకు భయపడవు, ఇంట్ల మాత్రం భయపడ్తవ్!" అంటూ ఫోన్‌తో నాకూ బండికీ కలిపి ఒక ఫోటో తీశాడు. చలానా ఖాయమైంది. హెల్మెట్ పెట్టుకునే దాకా బండెక్కనివ్వనన్నాడు.

బండి తోసుకుంటూ బార్కస్ వైపు నడిచాను. అక్కడ ఒక లుంగీల దుకాణం. ఒక లుంగీ కొంటే మూట కట్టుకోవచ్చుననిపించింది. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన నన్నూ, హెల్మెట్‌నూ మార్చి మార్చి చూశాడు.

"క్యా భాయ్, ఏమైంది?"

జరిగిందంతా చెప్పాను. ఆయన చాలా బాధపడ్డాడు. గళ్ల లుంగీ ఒకటి మంచిది ఏరి, మడత సరిచేసి, అలవాటు కొద్దీ చక్కగా కవర్లో పెట్టి ఇచ్చాడు.

"కవర్ నక్కో చాచా!" అని దాదాపు అరిచేశాను. అప్పుడు గానీ ఆయన నవ్వలేదు. నవ్వడం మొదలుపెట్టాక ఆగలేకపోయాడు. తనే లేచి వచ్చి టమాటాలు లుంగీలో పోసి గట్టిగా మూట కట్టి ఇచ్చాడు.

ఇంట్లో ఆ మూట విప్పేసరికి సగం టమాటాలు చితికిపోయాయి. కొత్త లుంగీ ఎర్రగా తడిసింది. మా ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఒక్క కవర్ వద్దని కొత్త లుంగీ కొన్నరా?"

"నువ్వే గదా రావొద్దన్నవ్."

కోప్పడదామనుకుంది, కానీ నవ్వొచ్చేసింది. వెక్కిళ్లు పట్టేదాకా నవ్వింది. చితికినవి రాత్రికి పచ్చడయ్యాయి, మిగిలినవి పప్పులోకి వెళ్లాయి. చలానా వచ్చినప్పుడు అందులో ఫోటో ఎంత స్పష్టంగా ఉందంటే, నా బట్టతల కన్నా టమాటాలే బాగా పడ్డాయి. ఆమె దాన్ని చుట్టాలందరికీ పంపింది.

అప్పటినుంచి బండి తాళం, సంచి ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయి. ఒకటి తీస్తే రెండోది చేతికి తగులుతుంది. ఇప్పుడు మరచిపోదామన్నా కుదరదు. ఇంట్లోకి కవరు వచ్చి చాలా కాలమైంది.

కవర్ల పని అయిపోయాక మా ఆవిడ చూపు నీళ్ల మీద పడింది. మొన్న స్నానానికి వెళితే పెద్ద బకెట్ లేదు. దాని స్థానంలో చిన్నపిల్లలకు పోసేటంత బకెట్ ఒకటి ఉంది.

"ఇవి నాకు ఏడ సరిపోతయి?" అని లోపలినుంచి అరిచాను.

"ముందు తల మీదికెళ్లి పోసుకోండ్రి" అని వంటగదిలోంచి జవాబొచ్చింది. "ఎక్కడిదాంక వస్తే అక్కడిదాంక."