షైనా హార్టోగ్ మూసేసిన నాలుగు వరుసలు

షైనా హార్టోగ్‌ని ఇప్పుడు మా యూదుల సభల్లో త్యాగమూర్తి అంటున్నారు. పిల్లల చదువు కోసం పెళ్ళి మానుకుందట, జాతి కోసం కళ్ళు పోగొట్టుకుందట. పెళ్ళి ఆవిడ మానుకోలేదు, కుదరలేదు. కళ్ళు పోయింది జాతి కోసం కాదు, అన్నగారి బట్టల కొట్లో ఇరవై ఏళ్ళు నల్లగుడ్డ మీద నల్లదారంతో కాజాలు కుట్టినందుకు. వారానికి ఐదు రోజులు ఆ పని. శనివారం కొట్టు తెరిస్తే దేవుడు ఒప్పుకోడు, ఆదివారం తెరిస్తే ఫిలడెల్ఫియా పోలీసులు ఒప్పుకోరు. శనివారం ప్రార్థన. ఇక మిగిలిన ఆదివారాన్ని మనిషన్నవాడు నిద్రకి వాడుకుంటాడు. షైనా మాత్రం ప్రార్థన మందిరం కింది గదిలో ముప్ఫై ఎనిమిది మంది పిల్లలకి బడి నడిపేది.

ఆ పిల్లలు ఎవరి పిల్లలని? మూటలు మోసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళ పిల్లలు, దర్జీల పిల్లలు, ఓడ దిగి ఇంకా కాళ్ళు నిలదొక్కుకోని వాళ్ళ పిల్లలు. మందిరం వాళ్ళు నడిపే హీబ్రూ బడి వేరే ఉంది. దానికి జీతం కట్టాలి, పైగా మగపిల్లలకే. అందుకని వీళ్ళు వారమంతా ఊరి బడికి వెళ్ళేవాళ్ళు. అక్కడ పొద్దున్నే క్రైస్తవ పొరుగువాళ్ళ ప్రార్థనతో పాఠం మొదలు. ఒకసారి పెస్సెల్ అనే తొమ్మిదేళ్ళ పిల్ల, మోషే ప్రెస్బిటేరియన్ చర్చికి వెళ్ళేవాడా, మెథడిస్టు చర్చికా అని అడిగింది. షైనాకి నవ్వు రాలేదు. ఆ పిల్ల నిజంగానే అడిగింది మరి.

ఇక పుస్తకాల సంగతి. ఇంగ్లీషులో మన పిల్లలకంటూ ఎవరూ పుస్తకం అచ్చు వెయ్యని రోజులవి. పొరుగువాళ్ళ చర్చి సంఘాలు మాత్రం దండిగా వేసేవి. పెద్ద అక్షరాలు, మంచి బొమ్మలు, గట్టి అట్ట. ప్రపంచం పుట్టడం, ఓడలో జంతువులు ఎక్కడం, ఎర్ర సముద్రం చీలడం, అన్నీ ఉండేవి. కానీ ఓడ ఇంకా కొండ మీద ఆగకముందే వాళ్ళ రక్షకుడు మధ్యలో ప్రత్యక్షమయ్యేవాడు. పిల్లల ప్రశ్నోత్తరాల్లో ప్రతి మూడో జవాబూ ఆయనే. అందుకని షైనా ఏటా చలికాలంలో కాగితం ముక్కలు కత్తిరించి, గోధుమపిండి ఉడకబెట్టి జిగురు చేసి, నలభై పుస్తకాల్లో అతుకు ఊడినచోటా, కొత్తగా వచ్చినవాటిలోనూ ఆ వరుసలన్నిటినీ మూసేసేది. మొదట్లో సాయానికి మరో నలుగురు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. ఇద్దరు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. మిగిలిన ఇద్దరూ పాఠం చెప్పడానికి వచ్చేవాళ్ళు గానీ జిగురు దగ్గరికి రాలేదు. ఆ తర్వాత నుంచీ అదంతా ఆవిడ ఒక్కతే. పస్కా పండగ వచ్చిందంటే పిండి అన్నది ఇంట్లో కనపడకూడదు గనక, వదిన పోరు పడలేక, జిగురు ఆరని పుస్తకాలన్నీ గంపలో పెట్టి మందిరానికి మోసుకుపోవలసి వచ్చేది.

ఇంత చేసినా పిల్లలు మొట్టమొదట చూసేది ఆ అతుకుల్నే. కిటికీకి ఎదురుగా పుట పట్టుకుంటే కింది అక్షరాలు కనిపిస్తాయని వాళ్ళు మొదటి వారంలోనే కనిపెట్టేశారు. పక్కింటి మార్తా పుస్తకంలో ఇక్కడ కాగితం లేదే అని పెస్సెల్ అడిగితే, అది అచ్చుతప్పు అని షైనా చెప్పింది. పదకొండేళ్ళుగా అందరికీ అదే జవాబు. అన్ని అచ్చుతప్పులున్న పుస్తకం భూమ్మీద మరొకటి ఉండదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం జోనాస్ పోలాక్ కొట్టుకి వచ్చాడు. టోపీల వ్యాపారి, మందిరం పెద్దలు ఏడుగురికీ అధ్యక్షుడు, షైనా తండ్రికి స్నేహితుడు. కాసేపు బొత్తాలు చూశాడు, ధర అడిగాడు, దగ్గాడు. ఆడవాళ్ళు ఆదివారం పిల్లలకి చర్చి పుస్తకాలు చదివిస్తున్నారని ఎవరో పెద్దల చెవిన వేశారట. కొత్తగా బవేరియా నుంచి వచ్చిన హీబ్రూ మాస్టారు ఫైబెల్ రోసెన్‌హైమ్ ఆ పుస్తకాలు చూసి పస్కా లోపల నివేదిక ఇస్తాడట. బాగాలేదంటే కింది గది తాళం చెవి తిరిగి ఇచ్చేయాలి.

"ఇది నా మాట కాదమ్మా, కమిటీ మాట" అన్నాడు.

"కమిటీకి అధ్యక్షుడెవరు బాబాయ్?"

"వాళ్ళు ఆరుగురు, నేనొక్కణ్ణి."

"మీ మనవరాళ్ళిద్దరూ నా బడికే వస్తారు కదా. వాళ్ళకి ఈ మాట మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

పోలాక్ బొత్తాలు కొనకుండానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత షైనాకి సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. నిజం చెప్పాలంటే బడి మూసేస్తారన్న మాట వినగానే ఆవిడకి ముందుగా తోచింది దుఃఖం కాదు, ఆదివారం పొద్దెక్కేదాకా పడుకోవచ్చన్నది. అది తోచినందుకు సిగ్గేసింది. సిగ్గుపడే ఓపిక కూడా ఎక్కువసేపు నిలవలేదు. తర్వాత మోషే ఏ చర్చికి వెళ్ళేవాడన్న ప్రశ్న గుర్తొచ్చింది. ఈ బడి లేకపోతే ఆ ప్రశ్నకి జవాబు చెప్పేది ఊరి బడి పంతులమ్మే.

ఆ ఆదివారం పిల్లలు వెళ్ళాక రోసెన్‌హైమ్ వచ్చాడు. సన్నటి మనిషి, ముప్ఫై దాటి ఉండవు, గడ్డం మాత్రం యాభై ఏళ్ళ వాడిది. ఇంగ్లీషు చదవగలడు, మాట్లాడబోతే నాలుక మడతపడుతుంది. షైనాకి అమ్మ నేర్పిన జర్మన్ మాటలు కొన్ని వచ్చు. వాటితో ఇద్దరూ నెట్టుకొచ్చారు. పుస్తకాలు ఒక్కొక్కటే కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తున్నాడు, అచ్చం పిల్లల్లాగే.

"ఇది మూశారు, మంచిది. ఇది మూశారు, మంచిదే. ఇదీ..." అంటూ పుటలు తిప్పాడు. "ఎన్నాళ్ళు పట్టింది అమ్మా ఇదంతా?"

పదకొండు చలికాలాలు అని చెప్పింది. ఆయన తలెత్తి ఒకసారి ఆవిడ వేళ్ళ వైపు చూశాడు.

తర్వాత ఒకచోట ఆగిపోయాడు. అక్కడ అతుకు పెద్దది, నాలుగు వరుసల మేర. కింది అక్షరాలు పోల్చుకోలేక లేచి, పొయ్యి మీద కాగుతున్న కెటిల్ ఆవిరికి ఆ పుట పట్టాడు. కాగితం మెత్తబడి అంచు లేచింది. గోటితో మెల్లగా ఒలిచి, పెదవులు కదుపుతూ ఇంగ్లీషులో చదివాడు. మనకొక బిడ్డ పుట్టాడనీ, రాజ్యభారం ఆ బిడ్డ భుజాల మీద ఉంటుందనీ చెప్పే వాక్యాలవి. చదివి పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, హీబ్రూలో రాగం తీశాడు. షైనాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. శనివారాలు పై అంతస్తులో ఆడవాళ్ళ వరుసలో కూర్చుని వినే రాగాల్లాంటిదే అని మాత్రం తెలిసింది.

"దీన్నెందుకు మూశారు?"

"అది వాళ్ళది కదండీ."

"ఎవరిది?"

"పొరుగువాళ్ళది. క్రిస్మస్‌కి వీధి చివర చర్చిలో పాడతారు. చిన్నప్పటి నుంచీ వింటున్నాను."

రోసెన్‌హైమ్ ఒలిచిన కాగితాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. కోపం తెచ్చుకుంటే బాగుండేదని షైనాకి అనిపించింది.

"మన ప్రవక్త చెప్పిందమ్మా ఇది" అన్నాడు. "మా ఊళ్ళో ఏటా చలికాలంలో ఒక శనివారం నాడు చదువుతాం. నాకు పదమూడేళ్ళు నిండిన వారం అదే వంతు వచ్చింది. ఊరంతా వింటుండగా నేనే చదివాను. పాత కాలపు రాజు సంగతి అది. పొరుగువాళ్ళు మన దగ్గర్నుంచి తీసుకెళ్ళి వాళ్ళ రక్షకుడికి పెట్టుకున్నారు."

షైనా బల్ల మీది పుస్తకాల్ని చూసింది. నలభై పుస్తకాలు, ఒక్కోదాంట్లో అదే నాలుగు వరుసలు. చినిగిన వాటి చోట కొత్తవి వచ్చిన ప్రతి ఏడూ మళ్ళీ మూసింది. మిగతా అతుకుల కన్నా దీన్ని జాగ్రత్తగా మూసింది, అంచులు లేవకుండా. పిల్లలు ఆ పాటకి ఇట్టే లొంగిపోతారని భయం. పాట అంత బాగుంటుంది.

ఇందులో ఆవిడ తప్పెంత అని లెక్కలు వేసే పెద్దమనుషులు ఇప్పుడు కూడా ఉన్నారు. తండ్రి ఇద్దరు కొడుకులకీ ఇంటికి హీబ్రూ మాస్టార్ని పెట్టించాడు. ఆ పాఠం వంటింటి పక్క గదిలో జరిగేది. షైనా, చెల్లెలు వంటింట్లో చేపలు తోమేవాళ్ళు. గోడ అవతల నుంచి రాగం వినపడేది, అర్థం వినపడేది కాదు. తలుపు తీసిపెట్టమని ఎవరికీ తోచలేదు. కొడుకుల్లో ఒకడు పద్దెనిమిదో ఏట జ్వరంతో పోయాడు. రెండోవాడే బట్టల కొట్టు అన్నగారు. మందిరంలో పిలిస్తే ముందుకెళ్ళి నాలుగు దీవెనలు అప్పజెప్పేపాటి హీబ్రూ ఆయనకి మిగిలింది. అది కూడా ఎదురుగా అట్ట మీద రాసిపెడితేనే.

రోసెన్‌హైమ్ ఒలిచిన కాగితాన్ని ఉండచుట్టి పొయ్యిలో వేశాడు. "మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఈ ఒక్కటీ నివేదికలో రాయను లెండి" అన్నాడు.

మంచి మనిషి అనుకుంది షైనా. మంచి మనుషులంటే కూడా ఆవిడకి ఆ పూట ఓపిక లేదు.

"రాయండి" అంది.

"రాస్తే బడి మూసేస్తారు. మన ప్రవక్తనే మనం కప్పేసుకున్నామంటే ఊరుకుంటారా?"

"కప్పీ కప్పీ నాకు విసుగొచ్చింది మాస్టారూ. మీరు ఇది కూడా కప్పారంటే రేపు నేను ఇంకేం కప్పానోనని నాకే అనుమానం. ఎవరూ నేర్పలేదు, అందుకని తెలియలేదు. అదే రాయండి. మా నాన్న నేర్పించలేదని రాయండి. ఆ మాట మీకు రాయడం ఇబ్బందైతే నేను రాస్తాను, ఇంగ్లీషు నాకే బాగా వచ్చు."

ఆయన రాశాడు. ఇంగ్లీషు ఆవిడ దిద్దింది. బడి భవిష్యత్తు మీద వేటు వేసేలా ఉన్న ఆ వాక్యంలో రెండు తప్పులుంటే వాటిని కూడా దిద్దింది.

పెద్దల సమావేశానికి ఆడవాళ్ళని రానివ్వరు. షైనాని మేడమెట్ల మీద కూర్చోమన్నారు, అవసరమైతే పిలుస్తామన్నారు. తలుపు పాతది, పగుళ్ళు. లోపల పోలాక్ నివేదిక చదవడం ఆవిడకి వినపడింది. ఆ నాలుగు వరుసల దగ్గరికి వచ్చేసరికి ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. ఇక అయిపోయింది అనుకుంది. దారిలో మంచుకి చెప్పులు తడిసిపోయి కాళ్ళు జివ్వుమంటున్నాయి. ఇంటికి ఎంత దూరమో లెక్క వేసుకుంటోంది.

ఉన్నట్టుండి లోపల వాదన మొదలైంది, ఆవిడ గురించి కాదు. పొగాకు వ్యాపారి ఒకడు జర్మన్ మాస్టారే పొరబడ్డాడన్నాడు. ఆ పాట ముప్ఫై క్రిస్మస్‌ల నుంచి తను వింటున్నాడు, డోళ్ళతో, బాకాలతో సహా. అది మనదెలా అవుతుంది? మరిద్దరు అవునంటే అవునన్నారు. ఆడమనిషి సరిగ్గానే మూసింది, మాస్టారే విప్పకూడనిది విప్పాడు అని ముగ్గురూ ఒకటయ్యారు. మిగతావాళ్ళు గ్రంథం చూద్దామన్నారు. హీబ్రూలో ఉన్న పెద్ద గ్రంథం తెచ్చి బల్ల మీద పెట్టారు. అది ఏడుగురి చేతులూ మారింది. ఆ వాక్యం ఎక్కడుందో ఏ ఒక్కరికీ దొరకలేదు. ఒకాయన పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నాడని తర్వాత పోలాకే చెప్పాడు గానీ, అది నిజమో, ఆయన కల్పనో తెలియదు. చివరికి రోసెన్‌హైమే పుట తీసి, వేలు పెట్టి చూపించి చదివాడు. చదివింది అదేనా అని సరిచూసే దారి వాళ్ళకి లేదు. నమ్మాలి, లేదా మాకు రాదని ఒప్పుకోవాలి. నమ్మారు.

తనకీ తెలియనిది ఇంకొకరికి తెలియలేదని వాళ్ళ బడి మూయడానికి కొంత మొహమాటం అడ్డమొస్తుంది. మా పెద్దలకి ఆ మాత్రం మొహమాటం ఉండేది.

అరగంట తర్వాత పోలాక్ నుదురు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. బడి ఉంటుంది. మన పుస్తకాలు వచ్చేదాకా ఆ పుస్తకాలే. కానీ ప్రతి అతుకునీ రోసెన్‌హైమ్ చూసి సరేనన్నాకే అంటించాలి. ఆదివారం పాఠం చెప్పే ఆడవాళ్ళు ముగ్గురూ గురువారం సాయంత్రాలు ఆయన దగ్గర హీబ్రూ నేర్చుకోవాలి. పెద్దలు కూడా వెళ్తే బాగుంటుందని ఎవరో ప్రతిపాదించారట. బలపరిచేవాళ్ళు లేక అది వీగిపోయిందట.

"సంతోషమేనా అమ్మా?" అన్నాడు పోలాక్.

"గురువారమా బాబాయ్" అంది షైనా. ఆదివారం ఎలాగూ పోయింది. ఇప్పుడు గురువారం కూడా పోతుంది. ఆవిడ ముందుగా లెక్కేసుకున్నది అదే. మెట్లు దిగుతూ గోడ పట్టుకుంది.

పస్కా వెళ్ళిన వారం పాఠాలు మొదలయ్యాయి. మగపిల్లలు పొద్దుటి పూట కూర్చునే పొట్టి బల్లల మీదే ముగ్గురు ఆడవాళ్ళూ మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. షైనాకి నలభై మూడు. ఒకే రూపంలో ఉన్న రెండు అక్షరాల్లో ఒకదానికి మూలన చిన్న కొన ఉంటుంది, రెండోదానికి ఉండదు. కాజాలు కుట్టిన కళ్ళకి ఆ కొన కనపడదు. తప్పు చదివినప్పుడల్లా రోసెన్‌హైమ్ అలవాటు కొద్దీ బల్ల మీద బెత్తంతో తట్టి, "మళ్ళీ!" అనేవాడు. అనేశాక నాలుక కరుచుకునేవాడు. జూన్ వచ్చేసరికి మిగతా ఇద్దరూ మానేశారు. ఒకావిడకి బిడ్డ పుట్టింది, రెండో ఆవిడకి ఎండ పడలేదు.

ఒక గురువారం షైనా మొదటిసారి ఒక పూర్తి వరుస తడబడకుండా చదివింది. అర్థం అప్పటికి తెలియదు, చదవడమే. రోసెన్‌హైమ్ పుస్తకం మూయబోయాడు. మీ మొహం వాడిపోయింది, ఇవాళ్టికి చాలు, ఇంటికెళ్ళి పడుకోండి అన్నాడు.

ఆవిడ అరచేతులతో కళ్ళు నొక్కుకుంది. నిజంగానే పడుకోవాలని ఉంది.

"ఇంకొక్క వరుస" అంది. "ఆదివారం పెస్సెల్ దీని తర్వాత ఏముందని అడుగుతుంది. ఏదో ఒకటి చెప్పాలి కదా."