పోలరైజర్ పెట్టని రోజు

నా డ్రోన్ సంచిలో ఫిల్టర్లు ఎన్నున్నా చివరికి తగువంతా రెండింటి మధ్యే. ఒకటి ఎన్‌డీ. కెమెరాకు చలువ కళ్లద్దం అనుకోండి, వెలుతురు తగ్గిస్తుంది, అంతే. రెండోది పోలరైజర్. అద్దం మీది మెరుపును తీసేసి లోపలున్నది చూపిస్తుంది. దాన్ని నేల మీదే తిప్పి సరిచూసుకోవాలి. డ్రోన్ లేచాక ఎంత తల బాదుకున్నా చెయ్యి అందదు. పెట్టడం మరిచిపోతే తర్వాత ఎడిటింగ్‌లో దాని పని చేసే మొనగాడు కూడా లేడు.

ఒకసారి హైటెక్ సిటీలో ఓ అద్దాల మేడ యజమానులు ప్రచార వీడియోకి పిలిచారు. అనుమతులన్నీ వాళ్లే తెచ్చారు. చిరునామా చూడగానే గుండె గతుక్కుమంది. ఉద్యోగం ఊడేదాకా నేను పనిచేసింది అందులోనే, ఆరో అంతస్తులో. మధ్యాహ్నం మా జట్టంతా కిటికీ పక్క బల్ల చుట్టూ చేరి అన్నం డబ్బాలు విప్పేవాళ్లం. నా గోంగూర పచ్చడి బల్లంతా తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి డబ్బా ఖాళీ. ఇప్పుడు గోపన్‌పల్లి ఫ్లాట్‌లో ఒక్కణ్నే, ఫోన్ చూస్తూ తింటాను. వంట బాగానే వచ్చు. తినాలనే అనిపించదు.

ఆ రోజు పోలరైజరే బిగించాను. పని కోసమేనని నాకు నేనే చెప్పుకున్నాను. సరిగ్గా భోజనాల వేళకి డ్రోన్‌ను ఆరో అంతస్తు ఎత్తులో, అద్దానికి కాస్త ఏటవాలుగా నిలిపాను. రిమోట్ తెర మీద మెరుపు పోయి ఆ బల్ల కనిపించింది. వాళ్లే! ముందు ఒకరు చూశారు, తర్వాత అందరూ లేచొచ్చి చేతులూపారు. కింద పార్కింగ్‌లో నేనూ పిచ్చివాడిలా చెయ్యూపాను. ఏనుగెక్కినంత సంబరంతో ఇంటికెళ్లి ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ చేయలేదు.

మర్నాడు యజమానుల దగ్గర్నుంచి మాత్రం ఫోన్ వచ్చింది. కిటికీలో మనుషులు కనబడటం బాగాలేదట, అద్దం నిండా ఆకాశం కనబడాలట, రేపు మళ్లీ తీయమన్నారు. ఆ ఫోన్ పెట్టేశాక ఉండబట్టలేక, ఆ బల్ల దగ్గర నా పక్కన కూర్చునే కరీంనగర్ మిత్రుడికి చేశాను.

"నిన్న చెయ్యూపారు కదా?"

"డ్రోన్‌కా? ఎవలదో అనుకొని ఊపినం అన్నా. అది నువ్వా? ఏందన్నా, జర చెప్పొద్దా! మళ్ల ఎప్పుడొస్తవ్?"

"రేపే. భోజనాల వేళకే."

"అయితే అందర్ని కిటికి కాడ నిలవెడ్త. ఈసారి నీకే ఊపుతం, చూడు."

నవ్వి పెట్టేశాను గానీ మనసు చివుక్కుమంది. గాలిపటం వచ్చినా ఊపేవాళ్లే అన్నమాట.

మరుసటి రోజు ఎన్‌డీ బిగించి, యజమానులడిగింది తీసేశాను. తెర నిండా మబ్బులే. డ్రోన్ దింపాక తలెత్తి చూస్తే అద్దం ఎండకు కళ్లలో పొడిచింది. ఇంకో బ్యాటరీ నిండుగా ఉంది, భోజనాల వేళ దాటలేదు. పోలరైజర్ చేతిలోకి తీసుకున్నాను కూడా. తీరా చూస్తే కిటికీ దగ్గర ఎవరూ లేకపోతే? ఫోన్లో అందరూ తీయగానే మాట్లాడతారు. భయమేసింది. ఉన్నారనుకుని ఇంటికెళ్లడమే నయమనిపించి సంచి జిప్పు వేసేశాను.

తిరుగుదారిలో ఖాజాగూడ దగ్గర ఫోన్ మోగితే బండి పక్కకు ఆపాను. మిత్రుడి సందేశం. "అన్నా, అందరం వచ్చినం. నువ్వు దించేదాక ఊపుతనే ఉన్నం. కనబడ్డమా?"

ఇంటికెళ్లి, అన్నం కూడా పెట్టుకోకుండా ఆ వీడియోను ఆపి ఆపి చూశాను. వెలుగు పెంచాను, తగ్గించాను, ఆరో అంతస్తును తెరంత పెద్దది చేశాను. తెల్లటి మబ్బులు నింపాదిగా సాగిపోతున్నాయి.

"అందరూ కనబడ్డారు" అని పంపాను.