అక్క చుట్టిన ఖాళీ బీడీ

మొన్న కోరుట్లలో అక్క దినాలు అయిన మర్నాడు, ఆమె మనవరాలు వరండాలో కూర్చుని ఇంగ్లీషు క్రియల మూడు రూపాలు వల్లె వేస్తోంది. బ్రేక్, బ్రోక్, బ్రోకెన్. నోరు చదువుతుంటే వేళ్లు పాత బస్సు టికెట్టును చుడుతున్నాయి. నేను చాయ్ పక్కన పెట్టేశాను.

ఒకప్పుడు ఆ ఇంట్లో ఆడవాళ్లమంతా బీడీలు చేసేవాళ్లం. అక్క పదో తరగతిలో ఇంగ్లీషు ఒక్కటే తప్పింది. "గీసారి గూడ తప్పినవంటే ఇగ చాటనే నీ బడి" అంది అమ్మ. మా అమ్మ బెదిరించే మనిషి కాదు, అన్నదంటే చేసేదే. పరీక్షలున్నాయని కంపెనీ బీడీలు ఆగవు. అందుకని ఆకూ తంబాకూ పెట్టుకునే చాట అక్క ఒళ్లోంచి దిగేది కాదు, పుస్తకం పట్టుకుని చదివేది నేను. ఒక పద్ధతిలో మారే క్రియలు అక్కకు వచ్చు. ఇష్టమొచ్చినట్టు మారేవే గుర్తుండేవి కావు. చివరికి తనే దారి చూసుకుంది. మొదటి రూపానికి తునికాకులో తంబాకు పోసేది, రెండోదానికి చుట్టేది, మూడోదానికి దారం కట్టేది. ముడి పడితే ఆ క్రియ వచ్చినట్టే. "ముడి పడతలేదే, మల్లొక్కసారి సదువు" అనేది. అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా బీడీ వదులుగా వస్తే అక్క రూపం తప్పు చెప్పిందని కనిపెట్టి, "గది మల్ల చెప్పు బిడ్డా" అనేది.

పరీక్ష జగిత్యాలలో. అక్కడ చాట లేదు, ఆకు లేదు. మూడో రూపాలు రాయాల్సిన చోట పెన్ను ఆగిపోయిందట. ప్రశ్నపత్రం అంచు చింపి, బల్ల కింద చుట్టడం మొదలుపెట్టింది. కాపలా ఉన్న సారు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"చిట్టీ తియ్."

"చిట్టీ కాదు సార్, బీడీ."

"బీడీలు గూడ తాగుతవా?"

"తాగ సార్, చేస్త."

హాలంతా నవ్వింది. సారు కాగితం విప్పి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ లేదు. "సరే, చేసుకుంటనే రాయి" అని వెళ్లిపోయాడు. అక్క రాసింది, పాసైంది. తర్వాత చాలా ఏళ్లు సిరిసిల్ల బడిలో ఇంగ్లీషు చెప్పింది. పాఠం చెబుతున్నంతసేపూ సుద్దముక్క ఆమె వేళ్ల మధ్య తిరుగుతూనే ఉండేది.

"టికెట్ ఎందుకు చుడుతున్నవే?" అని మనవరాలిని అడిగాను.

"ఏమో చిన్నమ్మమ్మా, అమ్మమ్మ గిట్లనే నేర్పింది. గిట్లయితే మర్చిపోను."

ఆ పిల్ల బీడీ చెయ్యడం ఎన్నడూ చూడలేదు. మా ఇంట్లోంచి చాట పోయింది, అమ్మ పోయింది, ఇప్పుడు అక్క పోయింది. ఆ వేళ్ల తిప్పుడు ఒక్కటి మాత్రం కాలం తీసుకుపోలేదు.