నున్నటి ముక్కలు

ఆస్పత్రి ల్యాబ్‌లో గడ్డల ముక్కలను మైనంలో బిగించి, పల్చటి పొరలుగా కోసే పని ఆయనది. పాతికేళ్లుగా అదే బల్ల, అదే గర్వం. గడ్డ చుట్టూ అంటుకున్న తెల్లటి పీచును ముందే గీకి పారేస్తాడు. ముక్క నున్నగా కనిపిస్తే చాలు. అందులో ఏముందో తెలుసుకోవాలన్న కుతూహలం ఆయనకు ఏనాడూ కలగలేదు.

ఆ రోజు ఒక దర్జీ ఆవిడ ఊపిరితిత్తి క్యాన్సర్ ముక్క వచ్చింది. దాన్ని మైక్రోస్కోప్‌లో చూసిన కొత్త డాక్టరమ్మ లేచి ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, గడ్డ అంచు ఏది?"

"ఆ పీచా? తీసేశానమ్మా. గుడ్డు వడ్డించేవాడు పెంకుతో వడ్డిస్తాడా?"

"రోగంతో పోరాడే కణాల్ని గడ్డలోకి పోనివ్వకుండా ఆపేవి ఆ పీచులో కణాలే. పోరాడే కణాలు అక్కడ ఇరుక్కున్నాయో లేదో చూస్తేనే కదా, ఆవిడకి ఏ మందు పనిచేస్తుందో ఓ అంచనాకి వచ్చేది!"

"ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు," అన్నాడు, అదేదో బిరుదైనట్టు.

"జరిగింది జరిగినట్టు రాసి వార్డుకి పంపండి."

ఆమె అటు వెళ్లగానే ఆయన కాగితం తీసి, 'పంపిన ముక్క చాలలేదు' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. తప్పు సర్జన్ మీదికి పోయింది. మర్నాడు ఇంకో ముక్క కోసం దర్జీ ఆవిడ పక్కటెముకల మధ్య మళ్లీ కత్తి పెట్టారు.