గురువారం షట్‌డౌన్

టీవీలో వచ్చింది నచ్చకపోతే చానల్ మార్చుకోవాలా, రోడ్డెక్కి గొడవ చేయాలా అని ఎవరైనా వాదన మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. నాకు ఓపిక లేదు. ఆ వాదన మా ఇంట్లో ఎనభైల్లోనే అయిపోయింది. దానికి టీలు పెట్టినదాన్ని నేనే.

అప్పట్లో మార్చుకోవడానికి చానల్ ఎక్కడుంది? భిలాయిలో మా క్వార్టర్‌లో ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీకి గుండ్రటి మీట ఒకటి ఉండేది. దాని చుట్టూ అంకెలు బోలెడు, బొమ్మ వచ్చేది మాత్రం ఒక్క అంకె మీదే. మిగతా ఎటు తిప్పినా తెర నిండా చీమలే. పెట్టెకి చెక్క తలుపులు, తలుపులకి తాళం. తాళంచెవి మా వారి దగ్గర ఉండేది. ఆయన స్టీల్ ప్లాంటులో ఇంజినీరు.

మా అత్తయ్యది శ్రీకాకుళం వైపు పల్లె. మామయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన కొత్తలో హిందీ ఒక్క ముక్క రాదు. ఏడాది తిరక్కుండానే పవర్ హౌస్ బజార్లో బేరాలు మొదలుపెట్టారు. ఆ హిందీలో సగం తెలుగు, పావు హిందీ, మిగిలినది చేతులు. అయినా అర్థం కాలేదన్నవాళ్ళు లేరు. కోహ్కా నుంచి గంప నెత్తిన పెట్టుకుని కూరలు తెచ్చే ఆమెతో అయితే ఇక చెప్పక్కర్లేదు.

"ఒలే బేటీ, ఏ వంకాయ్ కల్ కా హై, తీసెయ్!"

"నహీ దాయీ, ఆజ్ కా హై!"

ఛత్తీస్‌గఢీలో దాయీ అంటే అమ్మ. వంకాయల మీద మొదలైన మాట మోకాళ్ళ నొప్పుల మీదికి, అక్కణ్ణుంచి కోడళ్ళ మీదికి వెళ్ళేది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుంటే పొద్దెక్కినా లేచేవారు కాదు. ఇవతల నాకు కూర పొయ్యి మీదికి ఎక్కకపోతే ఒళ్ళు మండేది. వాళ్ళు మాట్లాడుకునే కోడళ్ళలో ఒకదాన్ని నేనే కదా.

అలాంటి రోజుల్లో గురువారం సాయంత్రాలు ఒక హాస్య సీరియల్ మొదలైంది. అందులో దక్షిణాది ముసలావిడ పాత్ర ఒకటి. నుదుటి మీద ఇంత విభూతి, మాటకి ముందు "అయ్యయ్యో", ఆ తర్వాత విరిగిన హిందీ. ఆవిడ నోరు తెరిస్తే చాలు, వెనకనుంచి రికార్డు చేసిన నవ్వులు వినిపించేవి. మా వీధిలో టీవీ ఉన్న ఇళ్ళు తక్కువ, అందుకని మా ముందుగదిలో చాప మీద సందుండేది కాదు. మొదటివారం అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా అత్తయ్యే నవ్వారు. "ఒలమ్మో, ఇదెవర్తో మనూరిదే!" అన్నారు.

నాలుగు వారాలు గడిచేసరికి వీధి పిల్లలు అత్తయ్యని ఆ పాత్ర పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఒకరోజు బజార్లో అత్తయ్య చీర ధర అడిగారో లేదో, కొట్టతను "అయ్యయ్యో" అంటూ సీరియల్లో ముసలావిడ గొంతు అనుకరించాడు. కొట్లో ఉన్నవాళ్ళందరూ విరగబడి నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. రిక్షాలో దారంతా కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు. ఇంటికొచ్చాక, "నానట్టాగే మాటాడతానేటమ్మా?" అని అడిగారు.

లేదత్తయ్యా అన్నాను. మా అమ్మాయి మాత్రం పుస్తకంలోంచి తలెత్తకుండానే, "థోడా థోడా, నానమ్మా" అనేసింది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు కంటే హిందీయే దానికి బాగా వచ్చు. వేళాకోళానికి అనలేదు, అడిగారు కాబట్టి చెప్పింది. మర్నాటి నుంచి అత్తయ్య హిందీ మాట్లాడటం మానేశారు.

సంగతి తెలిసి మా వారు ఉడికిపోయారు. ఆదివారం తెలుగు సంఘం పెద్దల్ని ఇంటికి పిలిచారు. ఆ ఆదివారంతో ఆగలేదు, వరసగా ఎన్ని ఆదివారాలు పోయాయో గుర్తులేదు.

"ఢిల్లీకి టెలిగ్రాం కొడదాం, టీవీ స్టేషన్ ముందు ధర్నాకి కూకుందాం. ఊరుకుంటే నెత్తికెక్కుతారు భయ్యా!" అనేవాడు జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో పనులు చేయించే కాంట్రాక్టరు.

"నచ్చకపోతే కట్టెయ్యండి బాబూ. నవ్వులాటకి ధర్నా ఏటి? ఇంకా నవ్వుతారు" అనేవారు మా వీధి చివర రిటైరైన మాష్టారు.

నాకు రెండూ నిజమే అనిపించేవి. మరీ నీరసం వచ్చేది అందుకే. లోపలి గదిలో మంచం మీద కూర్చున్న అత్తయ్యని మాత్రం, ఏం చేద్దామమ్మా అని ఒక్కరూ అడగలేదు.

చివరికి రెండూ చేద్దామన్నారు. ఢిల్లీకి వెళ్ళిన నిరసన ఇంగ్లీషులో, ప్లాంటులో మిషను చెడిపోతే పైవాళ్ళకి రాసే పద్ధతిలోనే వెళ్ళింది. పైన సబ్జెక్టు, కింద ఎవరెవరికి నకళ్ళో. ఇక గురువారం ఆ అరగంటా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో టీవీలు బంద్. దానికి మా ప్లాంటువాళ్ళు పెట్టుకున్న పేరు షట్‌డౌన్. మా వారు ఫర్నేసు ఆపుతున్నంత గంభీరంగా టీవీ తలుపులు మూసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

వేళకి వచ్చిన వీధి పిల్లలు గుమ్మంలో ఆగిపోయారు. ఆయన కారణం వివరించబోయారు. సగం వినకుండానే వాళ్ళు ఎదురింటి బెంగాలీల దగ్గరికి పరుగెత్తారు. వెనకే మా అమ్మాయీ చెప్పుల్లేకుండా పరుగెత్తింది. కాసేపట్లో ఆ కిటికీలోంచి నవ్వులు మొదలయ్యాయి. మూసిన పెట్టె ఎదురుగా మేం ముగ్గురం కూర్చున్నాం. మా ఇంట్లో చప్పుడు లేకపోవడంతో ఒక్కో నవ్వూ విడివిడిగా వినిపించింది. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు.

"రేడియో ఎయ్యమ్మా" అన్నారు అత్తయ్య.

మూడు నెలలకి సీరియల్ అయిపోయింది. ఢిల్లీ నుంచి జవాబంటూ ఏమీ రాలేదు. అప్పట్లో చాలా సీరియళ్ళు మూడు నెలలకే ముగిసేవి, ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా సంఘంవాళ్ళు మన దెబ్బకే ఆపారని జిలేబీలు పంచుకున్నారు. మా వారు ఒక పొట్లం తెచ్చి, "గెలిచామమ్మా" అంటూ అత్తయ్య చేతిలో పెట్టారు. "మంచిదిరా" అని ఆవిడ దాన్ని మనవరాలికి ఇచ్చేశారు.

మర్నాడు పొద్దున్న కూరలామె వచ్చింది. ఆమె ఇంట్లో టీవీ లేదు. సీరియల్ వచ్చిన సంగతీ తెలియదు, ఆగిపోయిన సంగతీ తెలియదు. ఆమెకి తెలిసిందల్లా, దాయీ ఈమధ్య మెట్ల మీద కూర్చోవడం లేదని, కావలసిన కూర వేలితో చూపించి లోపలికి వెళ్ళిపోతోందని. ఆరోజు అత్తయ్య అసలు బయటికే రాకుండా నన్ను పంపించారు. కూరలామె వంకాయలు ఏరుతూ ఏరుతూ ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"దీదీ, దాయీ మోర్ లే రిసా గే హే కా?"

అమ్మకి నా మీద కోపమొచ్చిందా అని. తనవల్ల ఏం తప్పు జరిగిందో అన్ని రోజులుగా వెతుక్కుంటున్నట్టుంది, కళ్ళల్లో నీళ్ళున్నాయి. తలుపు వెనకనుంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"కోపం నేదని సెప్పమ్మా. నువ్వే సెప్పు. నీ హిందీ బాగుంటాది."